తాగుడు, కల్లు, గంజాయి మాన్పించాలంటే ఎక్కడికి తీసుకెళ్లాలి? వరంగల్ చుట్టుపక్కల కుటుంబాల కోసం

మాల వేసుకున్న మూడో రోజు మా బావకు ఫిట్స్ వచ్చాయి.

కార్తీక మాసం. నల్ల బట్టలు, మెడలో మాల, తెల్లారకముందే చన్నీళ్ల స్నానం. ఇరవై ఏళ్లుగా తాగుతున్న మనిషి స్వామి అయ్యాడని అక్క సంబరపడి కొబ్బరికాయ కొట్టింది. రెండో రోజు చేతులు వణుకుతుంటే చలికి అనుకున్నాం. రాత్రంతా నిద్ర పట్టకపోతే నేల మీద పడక కదా అనుకున్నాం. మూడో రోజు తెల్లవారుజామున పీఠం ముందే పడిపోయి కొట్టుకున్నాడు, నోట్లోంచి నురగ. "ఏదో మైల జరిగింది, అందుకే స్వామికి కోపమొచ్చింది" అన్నారు చుట్టూ ఉన్నవాళ్లు. ఊళ్లో ఆర్‌ఎంపీ వచ్చి గ్లూకోజ్ బాటిల్ ఎక్కించి పోయాడు.

స్వామికి కోపం రాలేదు. రోజూ పొద్దున లేవగానే మందు పడే ఒంటికి ఒక్కసారిగా మందు ఆపేశాం, అంతే. ఈ సంగతి మాకు ఎవరూ చెప్పలేదు. మేమూ ఎవరినీ అడగలేదు. ఆ తర్వాత రెండేళ్లు బావను పట్టుకుని చాలా గుమ్మాలు ఎక్కాం. ఇప్పుడు పరకాల నుంచో నర్సంపేట నుంచో ఎవరో ఒకరు ఫోన్ చేసి "ఏ సెంటర్ మంచిదన్నా, నెలకెంతైతది?" అని అడుగుతుంటారు. వాళ్లకు చెప్పేదే ఇక్కడ రాస్తున్నాను. నేను డాక్టర్‌ను కాను. మందుల మోతాదులు నా నోట రావు.

"ఏ సెంటర్" అన్నది రెండో ప్రశ్న. "ఏం వాడుతున్నాడు, అది ఆపిన రోజు ఒంట్లో ఏమవుతుంది" అన్నది మొదటిది. ఇంకో మాట కూడా ముందే చెప్పాలి. ఆపించడం ఒక పని, మళ్లీ మొదలుపెట్టకుండా చూసుకోవడం వేరే పని. మొదటిది వారం పది రోజుల్లో అయిపోతుంది, దానికి ఆస్పత్రి కావాలి. రెండోది ఏడాదికి తక్కువ పట్టదు, దానికి ఇల్లు, మాత్రలు, మాట్లాడే మనిషి కావాలి. మేం ఒకదానికి డబ్బు కట్టి రెండూ అయిపోయాయనుకున్నాం. చాలా ఇళ్లలో జరిగేదీ ఇదే.

ముందు ఏం వాడుతున్నాడో చూడండి

సీసా మందు లేదా గుడుంబా అయితే ఒక గుర్తు చూడండి. పొద్దున్నే పండ్లు తోముకోకముందే తాగాల్సి వస్తోందా? తాగితేనే చేతుల వణుకు తగ్గుతోందా? గతంలో ఎప్పుడైనా తాగడం ఆపినప్పుడు ఫిట్స్ వచ్చాయా? వీటిలో ఒక్కదానికి ఔనన్నా ఇంట్లో మాన్పించే ప్రయత్నం వద్దు. చివరి గుక్క తర్వాత ఆరేడు గంటలకే వణుకు, చెమటలు మొదలవుతాయి. ఫిట్స్ ఎక్కువగా మొదటి రెండు రోజుల్లో వస్తాయి. మూడో నాలుగో రోజుకు కొందరికి మతి చెదిరి, ఒంటి మీద పురుగులు పాకుతున్నాయంటారు, లేని మనిషితో మాట్లాడతారు, అర్ధరాత్రి లేచి పొలానికి పోతానంటారు. డాక్టర్లు దీన్ని డెలీరియం ట్రెమెన్స్ అంటారు. వైద్యం అందకపోతే ప్రాణం పోవచ్చు. మన ఊళ్లలో మాత్రం దీనికి "గాలి సోకింది" అని పేరు పెట్టి తాయెత్తు కట్టిస్తారు.

సాయంత్రం పూట మాత్రమే తాగుతూ, తాగని రోజు చిరాకు తప్ప వణుకు లేనివాళ్లకు ఇంత ప్రమాదం సాధారణంగా ఉండదు. వాళ్లను ఓపీలోనే చూపించుకోవచ్చు, చేర్పించే పని చాలాసార్లు పడదు.

ఆర్‌ఎంపీ గ్లూకోజ్ గురించి ఒక మాట. ఏళ్ల తరబడి తాగి, సరిగా తినని ఒంట్లో బీ1 విటమిన్, అంటే థయమిన్, అడుగంటి ఉంటుంది. ఆ స్థితిలో థయమిన్ ఇవ్వకుండా గ్లూకోజ్ ఎక్కిస్తే మెదడు దెబ్బతినే వెర్నికే అనే జబ్బు రావచ్చు. అందుకే ఆస్పత్రిలో ముందు బీ1 ఇంజెక్షన్ ఇస్తారు. మా బావకు అదృష్టం బాగుండి ఏమీ కాలేదు. "బాటిల్ ఎక్కిస్తే నీరసం పోతది" అని ఎవరైనా అంటే ఆ ఇంజెక్షన్ సంగతి అడగండి.

కల్లు వేరే కథ. దీని గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే కల్లు తాగేవాళ్లను మనం వ్యసనపరుల లెక్కలో వేయం. "మందు ముట్టడు, కల్లే తాగుతడు" అని పెళ్లి సంబంధాల్లో కూడా చెప్పుకుంటాం. చెట్టు కింద గీత కార్మికుడు దించి పోసిన ఈత కల్లు, తాటి కల్లు సంగతి కాదు నేను చెప్పేది. చెట్లు తక్కువై, తాగేవాళ్లు ఎక్కువైన చోట, ముఖ్యంగా నిజామాబాద్, కామారెడ్డి, మెదక్, మహబూబ్‌నగర్ వైపు, ఎన్నో ఏళ్లుగా పట్టుబడుతున్నది అల్ప్రాజోలం, డైజిపాం, క్లోరల్ హైడ్రేట్ కలిపిన కల్లు. నీళ్లలో శాక్రిన్, ఇంత తెల్ల పొడి. అల్ప్రాజోలం నిద్రమాత్రల జాతి మందు. మాదక ద్రవ్యాల చట్టంలో దానికి వాణిజ్య పరిమాణం, అంటే పెద్ద శిక్ష పడే హద్దు, 100 గ్రాములే, అదే గంజాయికైతే 20 కిలోలు. ఆ పొడి ఎంత ఘాటైందో ఈ లెక్కే చెబుతుంది.

దాన్ని రోజూ తాగే మనిషి తాగుతున్నది కల్లు అనుకుంటాడు, ఒంటికి అలవాటైంది మాత్రం నిద్రమాత్ర. ఆపిన రెండు మూడు రోజులకు నిద్ర పూర్తిగా పోతుంది, నాలుక కొరుక్కుంటారు, పిచ్చిగా మాట్లాడతారు, ఫిట్స్ వస్తాయి. 2020 మార్చి చివర్లో లాక్‌డౌన్‌తో మందు, కల్లు దుకాణాలు మూతపడినప్పుడు ఎర్రగడ్డ మానసిక ఆస్పత్రికి జనం క్యూ కట్టింది ఇందుకే. 2025 జూలైలో కూకట్‌పల్లిలో కల్తీ కల్లుకు ప్రాణాలే పోయాయి. కాబట్టి దుకాణంలో అమ్మే ఈ కాంపౌండ్ కల్లుకు అలవాటుపడ్డవాళ్లను, ఆడవాళ్లైనా ముసలివాళ్లైనా, ఒక్కసారిగా ఆపించకండి. డాక్టర్ మాత్రల మీద మార్చి, వారాల తరబడి కొంచెం కొంచెంగా తగ్గిస్తూ పోతారు. డాక్టర్‌తో "కల్లు తాగుతడు" అని మాత్రం అని ఊరుకోవద్దు. ఎక్కడి కల్లు, చెట్టుదా దుకాణందా, రోజుకెన్ని సీసాలు, తాగకపోతే ఎన్ని రోజులకు ఏమైంది, అన్నీ చెప్పండి. బీడీలు చుట్టే ఆడవాళ్లు పని అయ్యాక సాయంత్రం ఒక సీసా తాగి పడుకోవడం చాలా ఇళ్లలో మామూలే. వాళ్ల నిద్ర చెడితే "మెనోపాజ్ టెన్షన్" అని సరిపెట్టుకోకండి.

గంజాయిది దీనికి పూర్తిగా తిరగబడ్డ లెక్క. ఆంధ్రా ఒడిశా సరిహద్దు నుంచి భద్రాచలం, ఖమ్మం మీదుగా రోడ్డున, కాజీపేట మీదుగా రైళ్లలో సరుకు పోతూ ఉంటుంది, దారిలో మన కాలేజీ పిల్లల చేతికీ వస్తుంది. ఆపితే నిద్ర పట్టకపోవడం, ఆకలి లేకపోవడం, విపరీతమైన కోపం వస్తాయి. మొదటి వారం ఎక్కువగా ఉండి, రెండు మూడు వారాల్లో తగ్గిపోతాయి. ప్రాణం మీదికి రాదు. దీనికంటూ ప్రత్యేకమైన మందూ లేదు, పనిచేసేది కౌన్సెలింగే. అందుకే పంతొమ్మిదేళ్ల పిల్లాడు గంజాయి తాగుతూ దొరికాడని మూడు నెలల సెంటర్‌లో వేయడం నాకు తప్పుగా తోస్తుంది. సెమిస్టర్ పోతుంది, స్నేహితుల్లో పరువు పోతుంది, అక్కడ ఇరవై ఏళ్ల అనుభవమున్న తాగుబోతులతో పరిచయం ఒక్కటే మిగులుతుంది. ఓపీ, వారం వారం కౌన్సెలింగ్, చేతికిచ్చే డబ్బు మీద ఒక కన్ను. మొదట ఇది చేయండి. అయితే పిల్లాడు ఎవరో తనను వెంటాడుతున్నారంటున్నా, చెవిలో మాటలు వినిపిస్తున్నాయన్నా ఒక్క రోజు కూడా ఆగకుండా సైకియాట్రిస్ట్‌కు చూపించండి. అది అలవాటు మాన్పించే సమస్య కాదు, జబ్బు.

నొప్పి మాత్రలు, దగ్గు సిరప్‌లు, ఇంజెక్షన్లకు అలవాటుపడ్డవాళ్లు మన వైపు తక్కువే గానీ లేకపోలేదు. వీళ్లకు ఒక ప్రత్యేకమైన ముప్పుంది. రెండు మూడు నెలలు ఆపి బయటికొచ్చాక పాత మోతాదే వేసుకుంటే ఒళ్లు తట్టుకోలేక ఊపిరి ఆగిపోవచ్చు. వీళ్లకు సెంటర్‌లో ఉంచే గోడల కంటే బయటికొచ్చాక కొనసాగే మందులు ముఖ్యం. కాబట్టి సైకియాట్రిస్ట్ లేని చోటు వీళ్లకు అసలు పనికిరాదు.

ఇక చోట్లు

ఇంట్లోనే మాన్పించడం గురించి పైన సగం చెప్పేశాను. మాల, దర్గా, దేవుడి ముందు ఒట్టు, వీటిని నేను ఎగతాళి చేయను. 41 రోజులు ఆగిన మనిషికి ఆగగలననే నమ్మకం వస్తుంది, అది చిన్న విషయమేం కాదు. కానీ మాల వేసే ముందే, వణుకు వచ్చే మనిషి అయితే, డాక్టర్ దగ్గరికి పోయి మందు దింపించుకుని మరీ వేయాలి. ఇప్పుడు మా ఊరి గురుస్వామే కొత్త స్వాములను "నువ్వు పొద్దుగాల తాగుతవా?" అని అడుగుతున్నాడు.

తెలియకుండా అన్నంలో కలిపే పొడుల జోలికి మాత్రం పోకండి. "15 రోజుల్లో తాగుడు బంద్" అని బస్సుల వెనక, గోడల మీద కనిపించే రకం. వాటిలో ఏం కలిపారో తెలియదు. డైసల్ఫిరామ్ లాంటిది ఉంటే, సంగతి తెలియని మనిషి ఆ రోజు తాగాడంటే మొహం ఎర్రబడి, వాంతులై, గుండె దడదడలాడి, బీపీ పడిపోయి చనిపోవచ్చు. ఆ మాత్ర ఆపిన రెండు వారాల దాకా కూడా ఈ ప్రమాదం పోదు. డాక్టర్లు దాన్ని రాస్తారు గానీ, వేసుకునే మనిషికి చెప్పి, ఒప్పించి ఇస్తారు. మా అక్క కూడా ఒక పొట్లం తెచ్చి బియ్యం డబ్బాలో దాచింది. "పప్పులో కలిపి పెడ్దామా తమ్మీ" అని అడిగిన రోజు నేను వద్దనలేదు. అక్కే ఎందుకో భయపడి పారేసింది.

ప్రభుత్వ ఆస్పత్రికి వస్తే, మనకు దగ్గర్లో పెద్దది ఎంజీఎం. కాకతీయ మెడికల్ కాలేజీకి అనుబంధం, సైకియాట్రీ విభాగం ఉంది. 2022 నుంచి జనగామ, భూపాలపల్లి, ములుగు, మహబూబాబాద్, నర్సంపేట, కరీంనగర్, జగిత్యాల, మంచిర్యాల, రామగుండం, సిరిసిల్ల, నిర్మల్, ఆసిఫాబాద్‌లలో ప్రభుత్వ మెడికల్ కాలేజీలు వచ్చాయి. ఆదిలాబాద్‌లో రిమ్స్, నిజామాబాద్‌లో జీఎంసీ అంతకుముందే ఉన్నాయి. మెడికల్ కాలేజీ ఆస్పత్రిలో సైకియాట్రీ ఓపీ ఏ రోజుల్లో ఉంటుందో కనుక్కుంటే ప్రతిసారీ వరంగల్ దాకా రావాల్సిన పని పడకపోవచ్చు. సింగరేణి కార్మికులైతే ముందు కంపెనీ ఏరియా ఆస్పత్రిలో అడగండి. సెలవు కాగితాలకు కూడా అదే దారి.

ప్రభుత్వ ఆస్పత్రి లాభం ఖర్చు తక్కువ కావడం ఒక్కటే కాదు. ఫిట్స్ వస్తే, కామెర్లు బయటపడితే, రక్తం కక్కుకుంటే పక్కనే జనరల్ మెడిసిన్ వార్డు ఉంటుంది. ఊరి చివర బంగళాలో నడిచే సెంటర్‌కు ఆ సౌకర్యం లేదు. నష్టాలూ ఉన్నాయి. ఓపీలో పొద్దంతా పోతుంది, డాక్టర్ మనకిచ్చే సమయం కొన్ని నిమిషాలే. చేరిస్తే ఇంట్లోంచి ఒకరు వెంట ఉండాలి, అంటే కూలి పోతుంది. కౌన్సెలింగ్ అడిగి చేయించుకోవాలి, దానంతటది రాదు. ఇంకో అడ్డంకి మాటది. "సైకియాట్రీకా? వానికేమన్న పిచ్చా?" అన్నాడు మా పెదనాన్న. కేంద్ర సామాజిక న్యాయ శాఖ కోసం ఎయిమ్స్ చేసి 2019లో బయటపెట్టిన దేశవ్యాప్త సర్వేలో, మద్యానికి బానిసైన 38 మందిలో ఒక్కరికే ఏదో ఒక చికిత్స అందిందని తేలింది. ఆస్పత్రిలో చేరిందైతే 180 మందిలో ఒక్కరు. మిగతావాళ్లందరి ఇళ్లలోనూ ఒక పెదనాన్న ఉండే ఉంటాడు.

మతి బాగా చెదిరి ఇక్కడ అదుపు కానప్పుడు ఎర్రగడ్డ. కాజీపేట నుంచి సికింద్రాబాద్ రైలెక్కి, అక్కడి నుంచి పోవడమే. కానీ ఫిట్స్ మీద ఉన్న మనిషిని 140 కిలోమీటర్లు కారులో వేసుకుని పోకండి. ముందు 108కి ఫోన్ చేసి దగ్గరి ఆస్పత్రిలో కుదుటపడనివ్వండి.

ప్రైవేటు సైకియాట్రిస్టులు హన్మకొండలో, కరీంనగర్‌లో చాలామందే ఉన్నారు. నన్ను అడిగితే, రోజుకు కొంత సంపాదన పోగొట్టుకోలేని కుటుంబానికి, పనికి పోతూ మానాలనుకునే మనిషికి ఇదే బాగా కుదురుతుంది. సాయంత్రం చూస్తారు, అదే డాక్టర్ ప్రతిసారీ ఉంటాడు. అవసరమైతే వాళ్ల నర్సింగ్ హోమ్‌లోనే వారం ఉంచి మత్తు దించుతారు. ఖర్చు ఎక్కువ, అది నెలనెలా ఉంటుంది. ఇన్సూరెన్స్ మీద ఆశ పెట్టుకునే ముందు పాలసీ కాగితం చూడండి. మద్యం, మాదక ద్రవ్యాల చికిత్సను చాలా పాలసీలు ఎక్స్‌క్లూజన్ కోడ్ 12 కింద పక్కన పెడతాయి.

డీ అడిక్షన్ సెంటర్లు, రిహాబ్‌లు

వీటి గురించే అందరూ అడుగుతారు. మేమూ ముందు అక్కడికే పోయాం. ఫోన్ చేస్తే "బండి పంపుతాం, మీరేం చేయక్కర్లేదు" అన్నారు. రాత్రి పదింటికి నలుగురు వచ్చి బావను ఎత్తుకుపోయారు. మూడు నెలలు, నెలకు 18,000. మొదటి నెలంతా ఫోన్ మాట్లాడనివ్వలేదు, "ఏడుస్తడు, డిస్టర్బ్ అయితది" అన్నారు. ఏ మాత్రలు ఇస్తున్నారంటే "అవి మాకొదిలేయండి" అన్నారు. బయటికొచ్చినప్పుడు గుండు గీసి ఉంది. చేతిలో ఒక్క చీటీ లేదు. తొమ్మిదో రోజు తాగాడు. తాగినందుకు కాదు నాకు కోపం, మూడు నెలల్లో అక్క మీద బావకు పుట్టిన పగ చూస్తే కోపం. "నన్ను అమ్మేసినవు" అని ఇప్పటికీ అప్పుడప్పుడు అంటాడు.

అన్నీ ఇలాంటివే అనను. మంచివి ఉన్నాయి, అక్కడ బాగుపడ్డవాళ్లను చూశాను. సెంటర్ నిజంగా కావాల్సింది కొందరికి. సరైన వైద్యం రెండు మూడుసార్లు జరిగినా మళ్లీ పడిపోయినవాళ్లకు, ఇంట్లోనే బెల్ట్ షాపు నడిచేవాళ్లకు, మాత్రలు చేతికిచ్చి వేయించే మనిషి ఇంట్లో లేనివాళ్లకు, రెండు మూడు మత్తులు కలిపి వాడేవాళ్లకు. మా బావ వీళ్లలో ఎవరూ కాదు. అతనికి అప్పటిదాకా ఒక్కసారి కూడా సరైన వైద్యం జరగలేదు.

చట్టం తెలిస్తే సెంటర్‌ను తూచడం సులువు. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2017లో వచ్చింది, 2018 మే 29 నుంచి అమల్లో ఉంది. మద్యం, మత్తు పదార్థాల వల్ల వచ్చే మానసిక స్థితులు కూడా దాని కిందికే వస్తాయి. కాబట్టి అలాంటివాళ్లను చేర్చుకుని వైద్యం చేసే చోటు రాష్ట్ర మానసిక ఆరోగ్య ప్రాధికార సంస్థ దగ్గర రిజిస్టర్ కావాలి. ఆ సర్టిఫికెట్ చూపించమనండి. సొసైటీ రిజిస్ట్రేషన్ కాగితం చూపిస్తే అది వేరు, ఇది వేరు. మనిషి తన ఇష్టంతో చేరితే తన ఇష్టంతో వెళ్లిపోవచ్చు, మహా అయితే పరీక్షించడానికి 24 గంటలు ఆపుతారు. ఇష్టం లేకుండా చేర్చాలంటే ఒక సైకియాట్రిస్ట్, ఇంకొక మానసిక ఆరోగ్య నిపుణుడో డాక్టరో విడివిడిగా చూసి రాయాలి, అదీ మొదట 30 రోజులకు మించి కాదు. గొలుసులతో కట్టేయడం నిషేధం. బలవంతంగా గుండు గీయడమూ కుదరదు. ఆ రోజు ఈ సంగతి తెలిసి ఉంటే బావను గుమ్మం దాటనిచ్చేవాణ్ని కాదు.

18 ఏళ్లలోపు పిల్లలను పెద్దవాళ్లతో కలిపి ఉంచకూడదు, ఇంట్లోవాళ్లు ఒకరు వెంట ఉండాలి. "మైనర్‌ను కూడా తీసుకుంటాం, మీరు రానక్కర్లేదు" అంటే ఫోన్ పెట్టేయండి. ఆడవాళ్లకైతే విడిగా వార్డు, రాత్రి పూట ఆడ నర్సు ఉన్నారో లేదో స్వయంగా వెళ్లి చూడాలి. ఫోన్‌లో అడిగితే అందరూ ఉన్నారనే అంటారు.

ఇంకా అడగాల్సినవి: సైకియాట్రిస్ట్ వారానికి ఎన్నిసార్లు వస్తాడు, పేరేంటి. రాత్రి రెండింటికి ఫిట్స్ వస్తే ఏ ఆస్పత్రికి తీసుకెళ్తారు. ఫోన్ ఎప్పుడు మాట్లాడనిస్తారు. వెళ్లేటప్పుడు మందుల పేర్లతో డిశ్చార్జ్ కాగితం ఇస్తారా. బయటికొచ్చాక ఎన్ని నెలలు చూస్తారు. ఈ చివరి ప్రశ్నకు "అప్పటికి పూర్తిగా మారిపోతడు" అని జవాబొస్తే అక్కడ చేర్చకండి. నూటికి నూరు శాతం గ్యారంటీ అనే మాటైతే, అబద్ధమని అక్కడే తేలిపోతుంది.

డబ్బు లేనివాళ్లకు కేంద్ర సామాజిక న్యాయ శాఖ సాయంతో స్వచ్ఛంద సంస్థలు నడిపే సమగ్ర పునరావాస కేంద్రాలు ఉన్నాయి. ప్రభుత్వ ఆస్పత్రుల్లోనే పెట్టిన వ్యసన చికిత్స కేంద్రాలూ ఉన్నాయి. మీ జిల్లాకు దగ్గర్లో ఏది ఉందో 14446కు ఫోన్ చేసి అడగండి, డబ్బు పడదు. మాట్లాడే మనిషి కావాలంటే టెలీ మానస్ 14416, తెలుగులో మాట్లాడతారు. 1908 అనే నంబరు కూడా గోడల మీద కనిపిస్తుంది. అది డ్రగ్స్ అమ్మేవాళ్ల సమాచారం పోలీసులకు ఇవ్వడానికి, చికిత్సకు కాదు.

పోలీసులంటే గుర్తొచ్చింది. గంజాయి పిల్లల తల్లిదండ్రులు ఆస్పత్రికి రాకపోవడానికి సగం కారణం ఈ భయమే. డాక్టర్‌కు చెప్పింది రహస్యంగా ఉంచడం చట్టం ప్రకారం ఆయన బాధ్యత. మాదక ద్రవ్యాల చట్టంలో 64ఏ సెక్షన్ ఉంది. వాడకం కేసో, కొద్ది పరిమాణం కేసో పడ్డ వ్యసనపరుడు తనంతట తాను చికిత్సకు ముందుకొస్తే విచారణ నుంచి రక్షణ పొందవచ్చు. చికిత్స మధ్యలో వదిలేస్తే ఆ రక్షణ పోవచ్చు. అమ్మినవాడికి ఇది వర్తించదు. కేసు ఇప్పటికే పడి ఉంటే వకీలుతో ఈ సెక్షన్ పేరెత్తండి.

బయటికొచ్చాక

రెండోసారి బావ ఎంజీఎంలో ఎనిమిది రోజులున్నాడు. తర్వాత నెలకోసారి ఓపీ. తాగాలనే గుంజుడు తగ్గడానికి నాల్‌ట్రెక్సోన్, అకాంప్రోసేట్ లాంటి మందులున్నాయి. లివర్, కిడ్నీ పరీక్షలు చూసి ఎవరికేది పడుతుందో డాక్టర్ ఎంచుకుంటాడు. ఇవి నిద్రమాత్రలు కావు, వీటికి అలవాటుపడరు. "ఒక మత్తు మాన్పి ఇంకో మత్తు అంటించిన్రు" అనే మాట పట్టుకుని చాలామంది నెలలోనే ఆపేస్తారు.

తాగుడు మానాలనుకునేవాళ్లే ఒకరికొకరు తోడుగా కూర్చుని మాట్లాడుకునే ఆల్కహాలిక్స్ అనానిమస్ మీటింగులకు ఫీజు లేదు, పేరు పూర్తిగా చెప్పక్కర్లేదు. దీనిపై నాకు మొదట చిన్నచూపు ఉండేది. నలుగురు కూర్చుని ఏడుస్తారేమో అనుకున్నాను. కానీ డాక్టర్ చెబితే వినని బావ, తనలాగే ట్రాలీ ఆటో అమ్ముకుని తాగిన ఇంకో డ్రైవర్ చెబితే విన్నాడు. చేయి వణికే మనిషికి మీటింగు ఒక్కటే చాలదు, మత్తు దించడానికి ఆస్పత్రే కావాలి. ఏడాది పొడవునా పట్టుకుని ఉండటానికి మాత్రం ఇంత చవకైన దారి ఇంకోటి నాకు కనబడలేదు.

బావ ఏడో నెలలో ఒకసారి తాగాడు. మిర్చి సీజన్, చేతిలో డబ్బు, సేటు ఇచ్చిన దావత్. అక్క ఏడ్చింది, పెదనాన్న "నేను ముందే చెప్పిన" అన్నాడు, మళ్లీ సెంటర్‌లో వేద్దామన్నారు. డాక్టర్ మాత్రం బీపీ మాత్ర మరిచిపోయిన పేషెంట్‌ను చూసినట్టే చూశాడు. ఎవరితో, ఎక్కడ, ఎన్నింటికి అని అడిగి, ఆ సీజన్‌లో రోజు కూలి అక్క చేతికే ఇవ్వమని సేటుకు చెప్పించాడు. అంతే. ఒక్కరోజు తప్పితే మూడు నెలల శిక్ష వేయకండి, మరుసటి ఓపీకి తీసుకెళ్లండి.

ఓపీకి పోయే ముందు

ఆధార్, పాత చీటీలు, వాడుతున్న మాత్రల ఖాళీ షీట్లు తీసుకెళ్లండి. పొద్దున్నే తాగే మనిషిని దారిలో "ఇవ్వాళ ముట్టొద్దు" అని నిలేయకండి. ఆపించడం డాక్టర్ చేతుల మీదుగా జరగాలి. చివరిసారి ఎన్నింటికి తాగాడో మాత్రం రాసుకోండి.

ఎంత తాగుతాడని డాక్టర్ అడుగుతాడు. మందు దించే మాత్రల మోతాదు ఆ జవాబును బట్టే ఉంటుంది. ఎంజీఎంలో మా బావ "ఒక్క క్వార్టర్ సార్" అన్నాడు. అక్క "మూడు" అంది. వరుసగా రెండు రాత్రులు వణుకు తగ్గకపోతే నేను ఊరికి పోయి బెల్ట్ షాపు మల్లన్న ఖాతా పుస్తకం అడిగాను. బావ పేరు మీద రోజుకు ఐదు రాసి ఉన్నాయి, తారీఖులతో సహా. ఆ పేజీ ఫోటో తీసుకొచ్చి డ్యూటీ డాక్టర్‌కు చూపిస్తే ఆమె మాత్రలు మార్చి రాసింది.